మన రక్తమే మందు అంటున్నారు.. మోకాలికి పీఆర్పీ సూది వేయించుకునే ముందు

మా ఖాలమ్మది తడ. రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు. రెండేళ్ల కింద ఆమె జానమాజ్ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చి చేరింది. "రుకూ దాకా పర్వాలేదు బేటా, సజ్దాలోంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది" అనేది. కుర్చీలో కూర్చుని నమాజ్ చదవడం తప్పేమీ కాదని ఎంత చెప్పినా ఆమెకు మనసొప్పేది కాదు. నుదురు నేలకు ఆనకపోతే నమాజ్ చదివినట్టే లేదంటుంది.

శ్రీసిటీలో పని చేసే ఆమె కొడుకు ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. అది పట్టుకుని అమ్మీని చెన్నైలో ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాడు. "మీ రక్తంలోంచే మందు తీసి మీకే ఎక్కిస్తాం. అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుంది. ఆపరేషన్ అవసరమే లేదు" అన్నారక్కడ. మోకాలికి మూడు చొప్పున రెండింటికీ ఆరు సూదులు. గాజులు తాకట్టు పెట్టి డబ్బు కట్టారు. మొదటి రెండు నెలలు నొప్పి తగ్గింది, ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. ఐదో నెల వచ్చేసరికి మళ్లీ గోడే.

తర్వాత ఇంకో డాక్టర్ దగ్గరికి వెళితే ఆయన కొత్త పరీక్షలేవీ రాయలేదు. చెన్నైలో చూపించిన ఆ పాత ఎక్స్‌రేనే లైటుకి పెట్టి చూసి, "అమ్మా, ఇక్కడ గుజ్జు మిగల్లేదు. ఎముకకి ఎముక తగులుతోంది. దీనికి ఆ సూది పని చేయదు" అన్నాడు.

నన్ను బాధపెట్టింది ఆ మాటే. సూది ఆమెకు హాని చేయలేదు, అది నిజం చెప్పాలి. కానీ ఆ ఎక్స్‌రే మొదటి రోజు కూడా అలాగే ఉంది కదా! ఈ చికిత్స ఎవరికి పనికొచ్చే అవకాశం ఉంది, ఎవరికి లేదు అన్నది డబ్బు కట్టకముందే చాలావరకు తెలుసుకోవచ్చు. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు నుంచి రైలెక్కి చెన్నై వెళ్లి ఈ సూదులు వేయించుకునేవాళ్లు మన వాళ్లలో పెరుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

డెంగీలో విన్న మాటే

పీఆర్పీ అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. ప్లేట్‌లెట్లు అనే మాట మనందరికీ డెంగీ నేర్పింది. కౌంట్ ఇరవై వేలకు పడిందని, దాతలు కావాలని వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తుంటాయి కదా, ఆ ప్లేట్‌లెట్లే ఇవి. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఒక్క మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. కానీ డెంగీలో ఎక్కించేది వేరేవాళ్ల ప్లేట్‌లెట్లు, అవి నరంలోకి వెళ్తాయి. పీఆర్పీలో మన ప్లేట్‌లెట్లనే తీసి, నొప్పి ఉన్న చోట గుచ్చుతారు. రెండూ ఒకటి కాదు.

ప్లేట్‌లెట్ పని రక్తం గడ్డకట్టించడం మాత్రమే అనుకుంటాం. దెబ్బ తగిలిన చోటికి అవి ముందుగా చేరి, తమలో దాచుకున్న కొన్ని ప్రోటీన్లను వదులుతాయి. వీటిని గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. కొత్త రక్తనాళాలు రావడానికి, పుండు మానడానికి, కణాలు పెరగడానికి ఇవి కబురు పంపుతాయి. ఆ కబురును నాలుగైదు రెట్లు గట్టిగా, సరిగ్గా కావలసిన చోటే వినిపిస్తే మానని కండరాలు, అరిగిన కీళ్లు కూడా మానతాయేమో అన్నది పీఆర్పీ వెనక ఉన్న ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. శరీరం ప్రతిచోటా ఆ కబురు వింటుందా అన్నదే ప్రశ్న.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. 1998లో రాబర్ట్ మార్క్స్ అనే అమెరికన్ సర్జన్ దవడ ఎముక అతుకులకు దీన్ని వాడి ఫలితాలు ప్రచురించాక డెంటల్ వాళ్లలో పేరొచ్చింది. 2009లో హైన్స్ వార్డ్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు పెద్ద ఫైనల్‌కి ముందు మోకాలి లిగమెంట్‌కి ఈ సూది వేయించుకుని ఆడాడు. దాంతో పత్రికలకెక్కింది. ఆ తర్వాత ఆటగాళ్లు, సినిమావాళ్లు, చివరికి మన ఊళ్ల దగ్గర బోర్డులు. "స్టెమ్ సెల్ పీఆర్పీ" అని కూడా కొందరు బోర్డుల మీద రాస్తున్నారు. పీఆర్పీలో ఉండేవి ప్లేట్‌లెట్లు. అది స్టెమ్ సెల్ చికిత్స కాదు. రెండు మాటలూ కలిపి రాసిన బోర్డు చూస్తే నేనైతే వెనక్కి తిరుగుతాను.

ఎలా చేస్తారు

చేతి నరంలోంచి రక్తం తీస్తారు. పద్ధతిని బట్టి 15 నుంచి 60 మిల్లీలీటర్ల దాకా, అంటే రక్తదానంలో ఇచ్చేదానిలో చిన్న వంతు. గడ్డకట్టకుండా ట్యూబులో సిట్రేట్ అనే ద్రవం ముందే ఉంటుంది. ట్యూబుని సెంట్రిఫ్యూజ్ మెషీన్‌లో పెట్టి గిరగిరా తిప్పుతారు. మజ్జిగ చిలికితే వెన్న వేరుపడినట్టు బరువును బట్టి పొరలు విడిపోతాయి. అడుగున ఎర్ర కణాలు, పైన పసుపురంగు ప్లాస్మా, మధ్యలో సన్నని తెల్ల పొర. ప్లేట్‌లెట్లు ఆ తెల్ల పొరలో, దాని పైనున్న ప్లాస్మాలో ఉంటాయి. ఆ భాగాన్ని సిరంజిలోకి తీసి కీలులోకో, నరం అని మనం పిలిచే కండర తాడులోకో, చర్మంలోకో ఇస్తారు. అంతా గంటలోపే అయిపోతుంది.

మోకాలికి అయితే ఒక్కసారికి 3 నుంచి 8 మిల్లీలీటర్లు. తర్వాత రెండు మూడు రోజులు నొప్పి, బరువు ఎక్కువగానే ఉంటాయి. అది మామూలే.

ఒక ఇబ్బంది ఉంది. కంపెనీ మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములుందో అట్టమీద రాసి ఉంటుంది. పీఆర్పీకి అట్ట లేదు. మెషీన్ మారితే, తిప్పే వేగం మారితే, ఇవాళ మీ కౌంట్ ఎంత ఉందో దాన్ని బట్టి మందు మారిపోతుంది. మైక్రోలీటరుకు దాదాపు పది లక్షల ప్లేట్‌లెట్లు ఉంటే పీఆర్పీ అనాలని ఒక లెక్క చాలాకాలంగా ఉంది. కానీ చాలా క్లినిక్‌లలో తయారయ్యాక లెక్కపెట్టేవాళ్లే ఉండరు. మామూలు ల్యాబు మెషీన్‌లో, రక్తపరీక్షకు వాడే ట్యూబుల్లో తిప్పి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ ట్యూబులు పరీక్ష కోసం చేసినవి, తిరిగి ఒంట్లోకి ఎక్కించడానికి చేసినవి కావు.

"పక్కింటావిడకు తగ్గింది కదా"

మోకాలి దగ్గరికి వద్దాం. మన ఇళ్లలో అసలు గొడవ అదే.

మోకాలి అరుగుదలని ఎక్స్‌రేలో సున్నా నుంచి నాలుగు దాకా గ్రేడ్లుగా చూస్తారు. రెండు అంటే మొదలైంది, మూడు అంటే సందు స్పష్టంగా తగ్గింది, నాలుగు అంటే ఎముకలు దాదాపు తగిలిపోతున్నాయి. ఖాలమ్మది నాలుగు. ఎక్స్‌రే నిలబెట్టి, అంటే కాళ్ల మీద బరువు పడేలా తీస్తేనే ఇది సరిగ్గా తెలుస్తుంది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో సందు ఉన్నట్టే కనిపించవచ్చు.

ఇప్పుడు పరిశోధనలు. మన దేశంలోనే, చండీగఢ్ పీజీఐ డాక్టర్లు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు మోకాళ్లూ నొప్పిగా ఉన్న 78 మందిని తీసుకుని, కొందరికి ఒక పీఆర్పీ సూది, కొందరికి రెండు, మిగిలినవాళ్లకు ఉత్త సెలైన్ నీళ్లు ఇచ్చారు. పీఆర్పీ తీసుకున్నవాళ్లకు కొద్ది వారాల్లోనే నొప్పి తగ్గింది, సెలైన్ వాళ్లకు తగ్గలేదు. ఆరు నెలలు వచ్చేసరికి ఆ ఉపశమనం కొంచెం జారడం మొదలైంది. ఒక సూదికీ రెండు సూదులకూ పెద్ద తేడా కనిపించలేదు. ఇలాంటి ఫలితాలే ప్రపంచమంతా పీఆర్పీకి ఊపునిచ్చాయి.

తర్వాత 2021 నవంబర్‌లో ఆస్ట్రేలియా నుంచి రిస్టోర్ అనే పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది. జామా అనే పేరున్న వైద్య పత్రికలో. 288 మంది, అందరిదీ గ్రేడ్ రెండు లేదా మూడు. సగం మందికి వారానికొకటి చొప్పున మూడు పీఆర్పీ సూదులు, సగం మందికి మూడు సెలైన్ సూదులు. ఎవరికి ఏది వెళ్లిందో సూది వేసే డాక్టర్‌కీ తెలియదు, వేయించుకున్నవాళ్లకీ తెలియదు. ఏడాది తర్వాత నొప్పిని పదికి కొలిస్తే పీఆర్పీ వాళ్లకు 2.1 తగ్గింది. సెలైన్ వాళ్లకు 1.8 తగ్గింది. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. ఎంఆర్ఐ తీసి గుజ్జు కొలిచారు. రెండు వైపులా కొంచెం తగ్గిందే గానీ, పీఆర్పీ వైపు పెరిగిందీ లేదు, తక్కువ అరిగిందీ లేదు.

ఈ లెక్కలో మనం ఆగి చూడాల్సింది ఆ 1.8. ఉప్పునీళ్లు తీసుకున్నవాళ్లకు కూడా నొప్పి తగ్గింది! వాళ్లేమీ అబద్ధం చెప్పలేదు. కీళ్ల నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు, పెరుగుతుంది, తగ్గుతుంది. మనం డాక్టర్ దగ్గరికి పరిగెత్తేది అది బాగా పెరిగినప్పుడే. ఆ తర్వాత ఏం చేసినా, చేయకపోయినా కొంత తగ్గుతుంది. దానికి తోడు సూది పడింది, డబ్బు ఖర్చయింది, ఇంట్లోవాళ్లు విశ్రాంతి ఇస్తున్నారు, మనసు తేలికవుతుంది. అందుకే "పక్కింటావిడకు తగ్గింది కదా" అన్న మాట నిజమే అయినా, తగ్గించింది ఆ సూదేనని దాంతో తేలదు.

పీఆర్పీ చేసే డాక్టర్లు దీనికి ఒక జవాబు చెబుతారు, అది కొట్టిపారేయాల్సింది కాదు. రిస్టోర్‌లో వాడిన మోతాదు తక్కువ, ప్లేట్‌లెట్లు సరిపోలేదు అంటారు. 2021లోనే మన దేశంలో జరిగిన ఒక అధ్యయనంలో 8 మిల్లీలీటర్లలో వెయ్యి కోట్ల ప్లేట్‌లెట్లు ఉండేలా చూసి ఇస్తే ఏడాది దాకా ఉపశమనం నిలిచిందని రాశారు. కాబట్టి గొడవ ఇంకా ముగియలేదు. పెద్ద సంస్థల మాటలు కూడా ఒక్క తీరుగా లేవు. అమెరికాలో కీళ్లవాత డాక్టర్ల సంఘం 2019లో మోకాలి, తుంటి అరుగుదలకు దీన్ని వాడొద్దని గట్టిగా చెప్పింది. అక్కడి ఎముకల సర్జన్ల సంఘం 2021లో నొప్పి తగ్గించవచ్చు అంటూనే ఆధారం పరిమితమని రాసింది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2019లో, పెద్ద ప్రమాదం కనిపించలేదు కానీ పని చేస్తుందనడానికి ఆధారం నాణ్యత చాలదు కాబట్టి ప్రత్యేక ఏర్పాట్లతోనే చేయాలంది.

నేను అర్థం చేసుకున్నది ఇదీ. గ్రేడ్ రెండు, మూడులో, వ్యాయామం చేసి చూశాక కూడా నొప్పి ఉన్నవాళ్లకు కొన్ని నెలల ఉపశమనం దొరకవచ్చు, దొరకకపోవచ్చు. గ్రేడ్ నాలుగులో డబ్బు పెట్టడం అనవసరం. ఇక గుజ్జు మళ్లీ పెరుగుతుందన్న మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు. కొలిచి చూసినచోట పెరగలేదు.

మోచేయి, మడమ, చీలమండ

శ్రీసిటీ లైన్లలో ఎనిమిది గంటలు నిలబడే పిల్లలకు పొద్దున లేవగానే మడమ నొప్పి. స్క్రూలు బిగించేవాళ్లకు మోచేయి బయటి వైపు నొప్పి. దాన్ని టెన్నిస్ ఎల్బో అంటారు గానీ వీళ్లలో టెన్నిస్ ఆడినవాళ్లు ఎవరూ ఉండరు. పులికాట్ మీద వల లాగేవాళ్లకు భుజం. ఇవన్నీ కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ల బాధలు. తాడుకు రక్తం సరఫరా తక్కువ, అందుకే మానడం ఆలస్యం. పీఆర్పీకి ఇక్కడ బాగా పని ఉంటుందని మొదట్లో అందరూ ఆశపడ్డారు.

మోచేయి నొప్పికి అమెరికాలో 230 మంది మీద జరిగిన అధ్యయనంలో ఆరు నెలలకు పీఆర్పీ వైపు మొగ్గు కనిపించింది. కానీ అన్ని అధ్యయనాలనూ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2021లో, చెప్పుకోదగ్గ మేలు బహుశా లేదని తేల్చింది. చీలమండ వెనక ఉండే అకిలీజ్ తాడుకు అదే ఏడాది బ్రిటన్‌లో 240 మంది మీద చూశారు, తేడా లేదు. చీలమండ కీలు అరుగుదలకు నెదర్లాండ్స్‌లో 100 మంది మీద చూశారు, అక్కడా లేదు.

అలా అని స్టిరాయిడ్ సూది మేలని కాదు. చాలాచోట్ల పీఆర్పీకి పోటీగా చెప్పేది దాన్నే, ఎందుకంటే చవక, రెండు మూడు రోజుల్లో హాయి. కానీ టెన్నిస్ ఎల్బోలో స్టిరాయిడ్ తీసుకున్నవాళ్లు ఏడాది తిరిగేసరికి ఏమీ తీసుకోనివాళ్లకన్నా వెనకబడ్డారని తేలింది. మోకాలిలో రెండేళ్లపాటు మూడు నెలలకొకసారి స్టిరాయిడ్ ఇచ్చి చూస్తే నొప్పిలో తేడా రాలేదు, గుజ్జు మాత్రం ఎక్కువ అరిగింది. షుగర్ ఉన్నవాళ్లకు స్టిరాయిడ్ సూది పడ్డాక కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది కూడా. ఈ ఒక్క విషయంలో పీఆర్పీది పైచేయి.

మడమకూ మోచేయికీ చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో దానంతట అదే తగ్గుతుంది. మెత్తటి చెప్పులు, పిక్క సాగదీసే వ్యాయామం, పనిలో చేయి తిప్పే తీరు మార్చుకోవడం. ఇవి చేయకుండా సూదికి వెళ్లడం తొందరపాటు.

జుట్టు, ముఖం

ఆడపిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా వినిపించేది ఇదే. జుట్టు రాలుతోందని నెలకొకటి చొప్పున మూడు నాలుగు సిట్టింగులు, తర్వాత ఆర్నెల్లకొకటి. వంశపారంపర్యంగా వచ్చే పలచబడే జుట్టుకు పీఆర్పీ కొంత ఒత్తు తెస్తుందని చాలా చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. పూర్తిగా నున్నగా అయినచోట మొలిపించదు. ఆపేస్తే నిలవదు కూడా.

డబ్బు కట్టే ముందు ఒక సంగతి చూసుకోండి. కాన్పు అయిన మూడు నెలలకు, టైఫాయిడ్, డెంగీ లాంటి పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు గుప్పెడు గుప్పెడు జుట్టు రాలడం మామూలు. సాధారణంగా ఆరు నెలల్లో అదే తిరిగి వస్తుంది. ఆ టైములో పీఆర్పీ చేయిస్తే పేరు దానికి వస్తుంది, పని చేసింది మాత్రం కాలం. థైరాయిడ్, రక్తంలో ఐరన్ చూపించుకోండి. మన ఆడవాళ్లలో సగం జుట్టు సమస్యలు అక్కడే తేలిపోతాయని నా అనుమానం.

ముఖానికి సన్నని సూదుల రోలర్ తిప్పి పైన పీఆర్పీ పూసేదాన్ని వ్యాంపైర్ ఫేషియల్ అంటారు. 2013లో కిమ్ కర్దాషియన్ రక్తం పూసుకున్న ముఖంతో ఫోటో పెట్టాక ఈ పేరు ఊరూరా పాకింది. మొటిమల గుంతలకు రోలర్‌తో కలిపి చేస్తే కొంచెం మేలున్నట్టు ఉంది. రంగు తెల్లబడుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. నికాహ్‌కి నెల ముందు ఇవి మొదలుపెట్టే అమ్మాయిలు, తల్లులు కింది సంగతి తప్పక చదవాలి.

అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పా ఉండేది. 2018లో అక్కడ ఈ ఫేషియల్ చేయించుకున్న ఒకామెకు హెచ్ఐవీ వచ్చింది. ఆమెకు ఇంకే దారిలోనూ సోకినట్టు కనిపించలేదు. విచారణలో వంటగది కౌంటర్ మీద పేరు రాయని రక్తం ట్యూబులు దొరికాయి. అక్కడ చేయించుకున్న మరికొందరికీ సోకినట్టు తేలింది. 2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఈ నివేదిక బయటపెట్టింది. "మన రక్తమే కదా, భయమేముంది" అంటారు. మన రక్తమే అయితే భయం లేదు. ట్యూబు మారితే అది ఇంకొకరి రక్తం. హెపటైటిస్ బి, సి కూడా ఇలాగే వస్తాయి. ఏ బ్యూటీ పార్లర్‌లోనూ రక్తం తీసే పని పెట్టుకోకండి.

దీని గురించి ఎక్కువ ప్రచారం లేదు కానీ పీఆర్పీ నిజంగా ఆశ చూపే చోటు ఇంకొకటి ఉంది. షుగర్ వాళ్ల కాలి పుండ్లు. నెలల తరబడి మానని పుండుకు పీఆర్పీ జెల్ పెడితే త్వరగా మూసుకునే అవకాశం ఉందని తేలి, 2021 నుంచి అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ అలాంటి పుండ్లకు ఖర్చు భరిస్తోంది. మన ఇళ్లలో షుగర్ లేని ఇల్లు ఎక్కడుంది చెప్పండి! కాలి పుండు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి చూడవచ్చు. షుగర్ అదుపు, పుండు శుభ్రం, దాని మీద బరువు పడకుండా చూడడం, ఇవి ముందు.

సూది దాకా వెళితే

అన్నీ విన్నాక కూడా వేయించుకోవాలనుకుంటే అది మీ ఇష్టం, తప్పు పట్టను. అప్పుడు కౌంటర్‌లో డబ్బు కట్టే ముందు నోరు తెరిచి అడగండి. నా ఎక్స్‌రేది ఏ గ్రేడ్? ట్యూబు సీలు నా కళ్లముందే తీస్తారా, దాని మీద నా పేరు రాస్తారా? తయారయ్యాక ప్లేట్‌లెట్ కౌంట్ చూస్తారా? భుజం, తుంటి లాంటి లోతైన చోటైతే స్కాన్ మెషీన్‌లో చూస్తూ గుచ్చుతారా? ఒక్కటి వేసి ఆగి చూడొచ్చా, లేక మూడింటికీ ఇప్పుడే కట్టాలా? ప్యాకేజీ ముందే కట్టమని ఒత్తిడి చేసేచోట కొంచెం ఆలోచించండి. ధర ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు వర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్ల పనికి అడ్డు వస్తాయి. సాధారణంగా సూదికి వారం ముందు నుంచి, తర్వాత కొన్ని వారాల దాకా ఆపమంటారు. పారాసిటమాల్ వేసుకోవచ్చు. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు మాత్రం ఎవరో చెప్పారని సొంతంగా ఆపేయకండి. మోకాలి కోసం గుండెను పణం పెట్టినట్టవుతుంది. దాన్ని రాసిన డాక్టర్‌నే అడగాలి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవాళ్లు, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, బాగా రక్తహీనత ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. సూది పడ్డాక జ్వరం వచ్చి, కీలు ఎర్రగా వేడిగా ఉబ్బి, కాలు కదపలేకపోతే అది మామూలు నొప్పి కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మన వాళ్లు అడిగే ప్రశ్నలు ఇంకొన్ని ఉన్నాయి. రక్తం తీయించుకుంటే వుజూ ఉంటుందా? హనఫీ ఉలమాలు పోతుందంటారు, షాఫయీలో పోదంటారు. మళ్లీ చేసుకుంటే గొడవ లేదు. రోజాలో వేయించుకోవచ్చా? జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లో, చర్మంలోకి, కండలోకి, నరంలోకి ఇచ్చే చికిత్స సూదులతో, పోషక ద్రవాలు కానంతవరకు, రోజా పోదని తీర్మానించింది. పరీక్ష కోసం రక్తం తీసినా పోదంది. కీలులోకి ఇచ్చేది కూడా ఈ లెక్కలోకే వస్తుందా అన్నది మీ మసీదు ఇమామ్ సాబ్‌ని అడగండి. నా మట్టుకు అయితే రంజాన్ అయ్యాక వెళ్లమంటాను. ఖాళీ కడుపుతో రక్తం ఇస్తే పెద్దవాళ్లకు కళ్లు తిరగవచ్చు, పైగా ఇది అత్యవసరం కాదు.

ఇది హిజామా లాంటిదేనా అని ఒక పెద్దాయన అడిగారు. కాదు చాచా. హిజామాలో రక్తం బయటికి పోతుంది, ఇందులో తిరిగి లోపలికి వస్తుంది. ఇంకొక విషయం. ప్లేట్‌లెట్లను చురుకు చేయడానికి ఒకప్పుడు పశువుల రక్తంలోంచి తీసిన థ్రాంబిన్ కలిపేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, లేదా ఏమీ కలపరు. హలాల్ పట్టింపు ఉన్నవాళ్లు ఏం కలుపుతున్నారని అడగవచ్చు. అడిగితే డాక్టర్లు చెబుతారు.

ఖాలమ్మ సంగతి చెప్పి ఆపుతాను. రెండో డాక్టర్ ఆపరేషన్ రాశాడు గానీ ఆమె ఇప్పుడే వద్దంది. అయితే తొడ కండరం పెంచమని ఆయన ఫిజియోథెరపీకి పంపాడు. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి, తొడ బిగించి ఐదు దాకా లెక్కపెట్టి దించడం. కాలికి పదిసార్లు, రోజుకు మూడుసార్లు. కొన్నాళ్లకు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. బరువు ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని ఆయన చెప్పిన లెక్క ఆమెకు బాగా పట్టింది. రాత్రి అన్నం మానేసి జొన్న రొట్టె మొదలుపెట్టింది. నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గింది. ప్రతి నమాజ్ తర్వాత అదే కుర్చీలో కాలు చాపి లెక్కపెడుతుంటుంది, మనవడు పక్కన కూర్చుని ఏక్, దో, తీన్ అంటుంటాడు.

సజ్దా ఇంకా కుర్చీలోనే. ఆపరేషన్ అయినా నేల మీద మోకాలు ఆనించి కూర్చోవడం అందరికీ కుదరదని డాక్టర్ ముందే చెప్పాడు. అది విన్నాక ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. బజారుకు మాత్రం ఇప్పుడు ఆటో లేకుండా వెళ్లొస్తోంది. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.